ఒంటిచేత్తో ఆరు వారాలు: భుజం కీలు మార్పిడికి ఎలా సిద్ధం కావాలి

ముందు ఒక పని చేయండి. ఆపరేషన్ జరగబోయే చేతిని తువ్వాలుతో మెడకు జోలెలా కట్టుకుని ఒక పూట ఇంట్లో తిరగండి. పళ్లు తోముకోండి, స్నానం చేయండి, బట్టలు మార్చుకోండి, కాఫీ కలుపుకోండి, తలుపు గడియ తీయండి. ఎక్కడ చిక్కుకుపోతే అక్కడ కాగితం మీద రాసుకుంటూ పోండి.

మద్రాసు పెరంబూరులో మా ఇంట్లో అమ్మ చేత ఇదే చేయించాం. ఆవిడకు 71 ఏళ్లు, గూడూరు నుంచి వైద్యానికని మా దగ్గరికి వచ్చింది. కుడి భుజం. పేస్టు మూత దగ్గరే మొదటి చిక్కు. ట్యూబును పళ్లతో పట్టుకుని ఎడమ చేత్తో తిప్పింది. తర్వాత లంగా బొందు. ఒక కొస చేతిలో, రెండో కొస నోట్లో, ముడి మాత్రం పడదు. మధ్యాహ్నానికల్లా క్యాలెండరు కాగితం వెనక పద్నాలుగు రాసుకున్నాం. ఆసుపత్రివాళ్లు ఇచ్చిన రంగుల పుస్తకంలో అందులో నాలుగైదు కూడా లేవు.

నేను చెప్పేదంతా ఆ కాగితం నుంచీ, ఆ తర్వాత గడిచిన నెలల నుంచీ వచ్చింది. మీ సర్జన్ ఇంకోలా చెబితే ఆయన మాటే వినండి. లోపల ఏం కుట్టారో, ఎముక ఎంత గట్టిగా ఉందో చూసింది ఆయనే.

మీకు చేసేది ఏ రకమో తెలుసుకోండి

అందరూ "భుజం మార్పిడి" అని ఒకే మాట అంటారు గానీ, ప్రధానంగా రెండు రకాలున్నాయి. జాగ్రత్తలు దాన్నిబట్టే మారతాయి.

చెంచాలో నిమ్మకాయ పెట్టుకుని పరుగెత్తే ఆట గుర్తుందా? భుజం కీలు అలాంటిదే. చేతి ఎముక పైకొన నిమ్మకాయలా గుండ్రంగా ఉంటుంది, అది కూర్చునే గుంట చెంచా అంత లోతే. కాయ జారిపోకుండా నాలుగు కండరాలు చుట్టూ పట్టుకుని ఉంటాయి. వాటినే రొటేటర్ కఫ్ అంటారు. ఆ కండరాలు బాగుండి కీలు మాత్రమే అరిగితే మామూలు మార్పిడి చేస్తారు: బంతి చోట లోహపు బంతి, గుంటలో ప్లాస్టిక్ గిన్నె. కండరాలు తెగిపోయినా, పెద్దవయసులో పడి ఎముక ముక్కలైనా ఎక్కువగా రివర్స్ చేస్తారు. అందులో బంతిని వెనక రెక్క ఎముకకు బిగించి, గిన్నెను చేతి ఎముకకు పెడతారు. నిమ్మకాయా చెంచా చోట్లు మార్చుకుంటాయన్నమాట. అప్పుడు చేతిని ఎత్తే పని భుజం మీద పైకి కనిపించే పెద్ద కండరం, డెల్టాయిడ్, చేస్తుంది. ఇప్పుడు వాడే తిరగేసిన కీళ్లకు మూలమైన నమూనాను 1985 ప్రాంతంలో ఫ్రాన్సులో పాల్ గ్రామాంట్ అనే సర్జన్ తయారుచేశారు. అసలు భుజం కీలు మార్చాలన్న ప్రయత్నం 1893లోనే పారిస్‌లో జరిగింది, ప్లాటినం, రబ్బరు కలిపి చేసిన కీలుతో. చీము పట్టి రెండేళ్లకు దాన్ని తీసేశారు. చీము భయం ఇప్పటికీ పోలేదు, ఆ సంగతికి వస్తాను.

మామూలు రకంలో ముందువైపు కండరం ఒకదాన్ని విడదీసి, పని అయ్యాక మళ్లీ కుడతారు. ఆ కుట్టు అతుక్కునే దాకా, సాధారణంగా ఆరు వారాలు, చేతిని బయటివైపు ఎక్కువగా తిప్పకూడదు, ఆ చేత్తో దేన్నీ గట్టిగా లాక్కోకూడదు, నెట్టకూడదు. రివర్స్ రకంలో కీలు జారిపోయే భయం ఉంటుంది. చెయ్యి నడుము వెనక్కి పోకూడదు, ఆ చేతిని ఆనించి కుర్చీలోంచి లేవకూడదు. దీన్ని చాలామంది సర్జన్లు మూడు నెలలు పాటించమంటారు. మీకు ఏ కదలికలు వద్దో కాగితం మీద రాసివ్వమని అడగండి. మొహమాటపడకండి.

డబ్బు, కాగితాలు, భాష

మోకాలి ఇంప్లాంట్లకు, అంటే లోపల అమర్చే కృత్రిమ కీళ్లకు, 2017లో కేంద్రం గరిష్ట ధర పెట్టింది. ఆ ఉత్తర్వు మోకాలికే. కాబట్టి భుజానికి వేసే ఇంప్లాంటు కంపెనీ, ధర ఎస్టిమేటులో విడిగా రాయించుకోండి. ఇన్సూరెన్సు ఉంటే కీళ్ల మార్పిడికి వెయిటింగ్ పీరియడ్ (పాలసీ తీసుకున్నాక ఆగాల్సిన గడువు) దాటిందో లేదో ముందే చూడండి. చాలా పాలసీల్లో రెండు మూడేళ్లు ఉంటుంది, ప్రమాదంలో విరిగితే వేరే లెక్క. ఆంధ్రా నుంచి ఆరోగ్యశ్రీ (ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ) కార్డుతో వచ్చేవాళ్లు ఆ ఆసుపత్రిలో, ఈ ఆపరేషన్‌కి చెల్లుతుందా అని రెండూ కలిపి అడగాలి. "కార్డు తీసుకుంటాం" అన్న ఒక్క మాట విని రైలెక్కకండి. ఆపరేషన్ అయ్యాక ఇంప్లాంటు పెట్టె మీది స్టిక్కరు ఒకటి ఫైల్లో అంటిస్తారు. దాన్ని ఫోటో తీసి దాచుకోండి, పదేళ్ల తర్వాత అవసరం రావచ్చు.

నెల్లూరు, చిత్తూరు వైపు నుంచి మద్రాసుకు చూపించుకోవడానికి రావడం మనకు తాతలనాటి అలవాటే. సెంట్రల్లో దిగి రోడ్డు దాటితే పెద్దాసుపత్రి. సిస్టర్లలో, ఆయాల్లో తెలుగు వచ్చినవాళ్లు ఎవరో ఒకరు తగులుతారు. అయినా నాలుగు అరవ మాటలు నేర్పి పంపండి. "తూక్కాదీంగ" అంటే ఎత్తకండి అని. "మెదువా" అంటే మెల్లగా. "వలి" అంటే నొప్పి. "వలదు" అంటే కుడి.

ఈ చివరి మాటతోనే వచ్చింది తంటా. ఆపరేషన్ రోజు పొద్దున సిస్టరు వచ్చి "వలదు తోళా?" అని అడిగింది. కుడి భుజమేనా అని. అమ్మకు వలదు అన్నది ఒక్కటే వినబడింది. "ఇంత దూరం వచ్చాక వలదంటానా తల్లీ, చేయించుకుంటాను" అంది. సిస్టరు మళ్లీ "వలదా?" "వలదు కాదమ్మా, కావాలి!" నేను కాఫీ తాగి వచ్చేసరికి ఇద్దరూ కొంచెం గట్టిగానే మాట్లాడుకుంటున్నారు. నవ్వుకున్నాం గానీ, ఇది నవ్వులాట విషయం కాదు. థియేటరుకు తీసుకెళ్లే ముందు చేసే చేతి మీద పెన్నుతో గుర్తు పెడతారు. మెలకువగా ఉండగానే ఆ గుర్తు చూసుకోండి. మాటతో సరిపెట్టకుండా ఆ భుజాన్ని చూపించి చెప్పండి.

నెల ముందు నుంచి ఒంటికి చేసుకోవాల్సినవి

షుగరు అదుపులో ఉండాలి. మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బిఎ1సి 8 దాటితే చాలామంది సర్జన్లు వాయిదా వేస్తారు. సిగరెట్టు, బీడీ, పొగాకు నమిలే అలవాటు ఉంటే కనీసం నెల ముందు ఆపాలి. భుజంలోకి స్టెరాయిడ్ ఇంజెక్షన్ వేయించుకుని మూడు నెలలు కాకపోతే ఆ సంగతి తప్పకుండా చెప్పండి, ఇన్ఫెక్షన్ భయం పెరుగుతుంది. పుచ్చిపోయిన పన్ను, వాచిన చిగుళ్లు ఉంటే ముందే చూపించుకోండి. రక్తం పలచనయ్యే మందులు, కీళ్లవాతం మందులు, డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ లాంటి షుగరు మాత్రలు ఎప్పుడు ఆపాలో డాక్టరే చెప్పాలి. మీరు వాడే మాత్రల పట్టీలన్నీ ఒక కవర్లో వేసి తీసుకెళ్లండి. పేర్లు గుర్తుపెట్టుకుని చెప్పడం కంటే అది నయం.

భుజం, చంక చర్మంలో మొటిమలతో సంబంధమున్న ఒక సూక్ష్మజీవి కాపురం ఉంటుంది. పేరు క్యూటీబాక్టీరియం ఆక్నెస్. భుజం ఆపరేషన్ తర్వాత వచ్చే చీముకు ఎక్కువసార్లు ఇదే కారణం. చర్మం లోతుల్లో దాక్కుంటుంది కాబట్టి మామూలుగా రుద్ది కడిగితే పూర్తిగా పోదు. అందుకే కొందరు సర్జన్లు ముందు కొన్ని రోజులు బెంజాయిల్ పెరాక్సైడ్ రాయమంటారు, మొటిమలకు వాడేదే. మందుల షాపులో ట్యూబు చూసి అమ్మ "ఈ వయసులో నాకు మొటిమల మందా?" అని సిగ్గుపడింది. రాసుకుంటే పాత తువ్వాలు వాడండి, అది బట్టల రంగు తినేస్తుంది. చంకలో వెంట్రుకలు మీరే బ్లేడుతో గీసుకోవద్దు, గాట్లు పడతాయి. చంకలో సెగ్గడ్డ లేచినా, ఎక్కడైనా పుండున్నా దాచకుండా చెప్పండి. వాయిదా పడితే పడనీయండి.

ఇల్లు

అన్నిటికంటే ఎక్కువ ఆలోచించాల్సింది ఇక్కడే.

మొదట పడక. మొదటి కొన్ని వారాలు చదునుగా పడుకోలేరు. వీపు ఎత్తుగా, సగం కూర్చున్నట్టు పడుకుంటే నొప్పి తక్కువ. మేము తెలివనుకుని అటక మీది తాతయ్య పడక కుర్చీ దింపాం. వాలు సరిగ్గా సరిపోయింది. అమ్మ హాయిగా కూర్చుంది కూడా. లేవబోతే తెలిసింది, ఆ గుడ్డ గుంటలోంచి రెండు చేతులూ ఆనించకుండా ఎవరూ లేవలేరని. నేనూ, మా ఆయనా చెరో పక్కనా నిలబడి ఎలాగోలా లేపాం. మర్నాడు అది మళ్లీ అటకెక్కింది. మంచం మీదే దిండ్లు మెట్లలా పేర్చి, మోచెయ్యి కింద ఒక మడత దుప్పటి పెట్టాం. కొలత ఇదీ: పడుకున్నప్పుడు మోచెయ్యి మీకు కనబడాలి. కనబడలేదంటే చెయ్యి వెనక్కి వాలిపోతున్నట్టే. మంచం దిగే వైపు బాగున్న చెయ్యి ఉండాలి, అంటే అవసరమైతే మంచాన్నే తిప్పి వేయాలి. కుర్చీ ఎత్తుగా, గట్టిగా ఉండాలి. కింద కూర్చోవడం కొన్నాళ్లు మరిచిపోండి.

తర్వాత బాత్రూము. దీని గురించి ఎవరూ పెదవి విప్పరు, అందుకే విడమరిచి చెబుతున్నాను. ఎడమ భుజం అయితే కడుక్కునే చెయ్యి పోతుంది. కుడి అయితే తినే చెయ్యి. ఎడమ భుజంవాళ్లు కుడి చేత్తో కడుక్కోవడం ఆపరేషన్‌కి రెండు వారాల ముందే అలవాటు చేసుకోవాలి. హెల్త్ ఫాసెట్ కుడిపక్కకు మార్పిస్తే సగం బాధ తీరుతుంది. ప్లంబరుకు గంట పని. నేల మీది లెట్రిన్ అయితే పైన పెట్టే స్టూలు కొనండి. చేతి ఆసరా లేకుండా లేచేటప్పుడు తూలి పడితే కొత్త కీలు చుట్టూ ఎముక విరుగుతుంది, దాన్ని మళ్లీ అతికించడం చాలా కష్టం. స్నానానికి ప్లాస్టిక్ స్టూలు, చిన్న మగ్గు, జారని మ్యాటు. కార్తీకమాసం వానల్లో మద్రాసు ఇళ్లలో గచ్చు ఎప్పుడూ చెమ్మగానే ఉంటుంది. ఆపరేషన్ తేదీ మీ చేతిలో ఉంటే అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వద్దనే నేనంటాను. రోహిణి కార్తె ఎండలూ వద్దు, స్లింగు (చేతిని వేసి ఉంచే జోలె) కింద చంక ఉడికిపోతుంది.

బట్టలు: ముందు గుండీలో జిప్పో ఉన్న వదులు నైటీలు నాలుగు. చీర ఆరు వారాల తర్వాత చూసుకోవచ్చు. మగవాళ్లకు లుంగీ ఒంటిచేత్తో నిలవదు, ఎలాస్టిక్ పైజమా మేలు. తొడిగేటప్పుడు ముందు ఆపరేషన్ చెయ్యి, విప్పేటప్పుడు చివర ఆపరేషన్ చెయ్యి. ఇది ఒక్కటి కంఠతా పెట్టండి. జడ మీరు వేసుకోలేరు. రోజూ వేసేవాళ్లు లేకపోతే ముందే కొంచెం కురచ చేయించుకోండి.

వంటింట్లో పై అరల్లోవన్నీ నడుము ఎత్తుకు దింపండి.

ఆసుపత్రిలో

ముందురోజే గాజులు, ఉంగరాలు తీయండి. తర్వాత వేళ్లు వాస్తే కోయాల్సి వస్తుంది. ఘనాహారం ఆరు గంటల ముందు, మంచినీళ్లు రెండు గంటల ముందు ఆపమనడం మామూలు లెక్క, మత్తు డాక్టరు చెప్పిన టైమే ఖాయం. పాలు పోసిన కాఫీ నీళ్ల కింద రాదు, ఆహారం కిందే వస్తుంది. మనవాళ్లు ఇక్కడే దొరికిపోతారు.

పూర్తి మత్తుతో పాటు మెడ పక్కన, చేతిని మొద్దుబార్చే బ్లాక్ ఇంజెక్షన్ కూడా ఇస్తుంటారు. మెలకువ వచ్చాక చెయ్యి మీది కాదన్నట్టు వేలాడుతుంది. గొంతు బొంగురుపోవచ్చు, ఆ వైపు కనురెప్ప వాలవచ్చు, ఊపిరి నిండా అందనట్టు అనిపించవచ్చు. బ్లాక్ దిగితే ఇవి సాధారణంగా తగ్గుతాయి, కానీ సిస్టరుకు వెంటనే చెప్పాలి. బ్లాక్ సుమారు 12 నుంచి 24 గంటలు ఉంటుంది. అది ఎక్కువగా అర్ధరాత్రి దిగుతుంది, దిగిందంటే నొప్పి ఒక్కసారిగా వస్తుంది. "ఇప్పుడు నొప్పి లేదు కదా" అని మాత్ర మానకండి, చెప్పిన టైముకు వేసుకోండి. ట్రమడాల్ అనే నొప్పి మాత్రల్లో చాలావాటిలో పారాసిటమాల్ కలిసే ఉంటుంది, కాబట్టి విడిగా ఇంకోటి వేసే ముందు పట్టీ వెనక చదవండి. ట్రమడాల్ మలబద్ధకం కూడా చేస్తుంది. అరటిపండు, ఆకుకూర, నీళ్లు మొదటి రోజు నుంచే మొదలుపెట్టండి.

ఇంటికి వచ్చాక

కారయితే ముందు సీటు వెనక్కి వాల్చి కూర్చోండి. ఆటో వద్దు. మన రోడ్ల మీద స్పీడుబ్రేకరు ఒక్కటి చాలు.

ఐస్ గుడ్డలో చుట్టి పదిహేను, ఇరవై నిమిషాలు పెట్టండి. కుట్లు పది నుంచి పద్నాలుగు రోజులకు తీస్తారు, అప్పటిదాకా కట్టు తడవకూడదు. చంక శుభ్రం చేయడానికి బాగున్న చేత్తో బల్ల పట్టుకుని నడుము దగ్గర ముందుకు వంగండి. చెయ్యి దానంతటదే కిందికి వేలాడి చంక తెరుచుకుంటుంది. సర్జన్ సరేనంటే అలా వంగే తడిగుడ్డతో తుడిచి, ఆరాక మెత్తటి నూలు గుడ్డ మడిచి పెట్టండి. పౌడరు చల్లితే ముద్దకట్టి ఒరుస్తుంది.

చూడవచ్చే చుట్టాలు పత్యం చెబుతారు. పప్పు తింటే చీము పడుతుందని, వంకాయ, గుడ్డు వద్దని. మా పెద్దమ్మ ఫోన్‌లోనే అమ్మ చేత నాలుగు రోజులు చారన్నం తినిపించింది. పుండు మానడానికి మాంసకృత్తులు కావాలి, అవి ఆ పప్పులోనే, గుడ్డులోనే, చేపలోనే ఉన్నాయి. కిడ్నీ జబ్బుండి డాక్టరు తగ్గించమంటే తప్ప శుభ్రంగా తినండి. చీము సూక్ష్మజీవి వల్ల పడుతుంది, పప్పు వల్ల కాదు. కుడి చెయ్యి స్లింగులో ఉంటే అన్నం మెత్తగా కలిపి గిన్నెలో పెట్టి చెంచా ఇవ్వండి. పళ్లెంలో అయితే ఎడమ చేతి చెంచాకు మెతుకులు దొరకవు.

ఇంకో సలహా కూడా వస్తుంది, పుత్తూరు కట్టు వేయించమని. విరిగిన ఎముకకు దాని మీద మీ నమ్మకం మీ ఇష్టం. లోపల లోహపు కీలున్న భుజానికి మాత్రం కట్టూ, నూనె మర్దనా ఏదీ వద్దు.

వ్యాయామం, నాలుగో వారం తెగువ

వేళ్లు, మణికట్టు ఆడించడం మొదటి రోజు నుంచే చేయాలి. మోచెయ్యి, లోలకంలా చెయ్యి ఊపడం సర్జన్ చెప్పినప్పుడు. ఆ తర్వాత వెల్లకిలా పడుకుని, బాగున్న చేత్తో ఆపరేషన్ చేతిని మెల్లగా ఎత్తడం. ఇక్కడ ఆపరేషన్ చెయ్యి సొంతంగా ఏ పనీ చేయకూడదు, నిద్రపోయే పిల్లాడి చేతిని మీరు ఎత్తినట్టు ఉండాలి. సుమారు ఆరు వారాలకు స్లింగు తీసి చేతిని సొంతంగా కదిలించడం మొదలవుతుంది. బలం పెంచే వ్యాయామాలు మూడు నెలల ప్రాంతంలో.

రోజుకు ఒక గంట బాదడం కంటే అయిదేసి నిమిషాలు నాలుగైదు సార్లు చేయడం నయం. చేశాక నొప్పి గంటలో సర్దుకుంటే ఫరవాలేదు. మర్నాటి దాకా ఉంటే ఎక్కువ చేశారని లెక్క.

అసలు ప్రమాదం నాలుగో వారంలో. అప్పటికి పాత అరుగుదల నొప్పి పోయి ఉంటుంది, కుట్లూ మానాయి. మనిషికి ధైర్యం వచ్చేస్తుంది. లోపలి కండరం ఇంకా అతుక్కోలేదు. అమ్మ నాలుగో వారంలో ఒక రోజు స్లింగు తీసి కుర్చీకి తగిలించి, ఇడ్లీపిండి గిన్నె ఫ్రిజ్‌లోంచి తీస్తూ దొరికిపోయింది. "నొప్పేం లేదే" అంది. ఆ వారాల్లో టీ గ్లాసు కంటే బరువైనది ఆ చేతికి ఇవ్వకూడదు. ఇంట్లో ఒకరికి కాపలా డ్యూటీ వేయండి.

బండి, కారు నడపడం స్లింగు తీసి, సర్జన్ సరేనన్నాకే. ఊరికి వెళ్లేవాళ్లు కుట్లు తీయించుకునే దాకా నగరంలోనే ఉంటే మంచిది. రైల్లో లోయర్ బెర్తు తీసుకోండి, స్లింగు వైపు మీ మనిషి కూర్చోవాలి. గూడూరు వైపు పాసింజరు రైళ్లలో తలుపు దగ్గరి తోపులాటకు ఎవరి భుజమూ ఆగదు.

వెంటనే డాక్టరుకు ఫోన్ చేయాల్సినవి: జ్వరం, కుట్ల దగ్గర ఎరుపు పాకడం, రసి కారడం, పిక్క వాచి నొప్పెట్టడం, బ్లాక్ దిగాక కూడా వేళ్లు మొద్దుబారి ఉండడం. భుజంలో ఒక్కసారిగా టక్కుమని నొప్పి వచ్చి ఆకారం మారినా, ఆయాసం లేదా ఛాతీనొప్పి వచ్చినా ఫోన్లు పెట్టుకు కూర్చోకుండా నేరుగా ఎమర్జెన్సీకి వెళ్లండి.

మూడు నెలలు దాటాక

పూర్తిగా కుదుటపడటానికి ఆరు నెలల నుంచి ఏడాది పడుతుంది. తల దువ్వుకోవడం, పై అర అందుకోవడం చాలామందికి వస్తాయి. రివర్స్‌లో చెయ్యి నడుము వెనక్కి పోవడం కొందరికి ఎప్పటికీ కొంచెం తక్కువే, కాబట్టి జాకెట్లకు హుక్కులు ముందువైపే ఉంచుకోండి. మెట్రో స్టేషన్ లో, విమానాశ్రయంలో తనిఖీ యంత్రం కూయవచ్చు. డిశ్చార్జి కాగితం ఫోటో ఫోన్‌లో ఉంచండి. పంటికి పెద్ద పని చేయించుకునే ముందు లోపల కీలుందని డెంటిస్టుకు చెప్పండి.

ఇక 20 లీటర్ల నీళ్ల క్యాను. మద్రాసులో ప్రతి ఇంట్లో ఉండేదే, నిండితే 20 కిలోల పైమాటే. దాన్ని ఎత్తి బోర్లించడం మీ పని కాదు, ఏడాది తర్వాత కూడా. మేము స్టాండు తీసేసి, క్యాను మూతకు బిగించే చిన్న చార్జింగ్ పంపు కొన్నాం. బటన్ నొక్కితే నీళ్లొస్తాయి. క్యాను తెచ్చే అబ్బాయి దాన్ని వంటింటి దాకా మోసి పెడతాడు, క్యానుకు అయిదు రూపాయలు ఎక్కువ ఇస్తున్నాం.